పసుపు అట్ట, రెండో వైపు

వంటింటి బల్ల దగ్గర,
ఫిబ్రవరి

వదినా,

ఈ ఒక్క మాట రాసి చాలాసేపు ఆగిపోయాను. మీరిద్దరూ విడిపోయాక నిన్ను ఇలా పిలవొచ్చో లేదో నాకెవరూ చెప్పలేదు. అన్నయ్యని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమే అయితే ఇంకేం, వదినా అనే రాస్తున్నాను. నీకు నచ్చకపోతే చెప్పు, వేరే పిలుపు వెతుకుతాను. దొరకదని మాత్రం ముందే చెబుతున్నా.

ఫోను చెయ్యొద్దన్నావు, గాజు దుకాణంలో ఫోను మీ యజమానురాలి బల్ల మీదే ఉంటుంది, ఆవిడ ఎదుట మాట్లాడటం ఇబ్బంది అన్నావు. అందుకే ఉత్తరం. నా చేతిరాత గురించి ఏమైనా అన్నావంటే ఊరుకోను.

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం నా దగ్గరికి జుట్టు కత్తిరించుకోవడానికి ఒకావిడ వచ్చింది. రేడియోలో పని చేస్తుందట. నా దుకాణంలో అప్పుడు మన కుక్కబొమ్మ రికార్డు మోగుతోంది. "ఏమిటమ్మా ఈ గోల?" అంది. అడిగితే ఊరుకుంటానా. అమెరికాలో పంక్ సంగీతం మొదలైన రోజుల్లో పేరంతా ఒకటి రెండు మహానగరాల బ్యాండ్లకే దక్కిందనీ, మిగతా ఊళ్ళలో కారు షెడ్లలో, స్కూలు హాళ్ళలో ఒకే ఒక్క రికార్డు చేసి కనిపించకుండా పోయినవాళ్ళు ఎందరో ఉన్నారనీ, వాళ్ళని తల్చుకునే దిక్కు లేదనీ కత్తెర చేత్తో పట్టుకుని చెప్పుకుంటూ పోయాను. ఆవిడ జుట్టు రెండు వైపులా సమానంగా రాలేదు. అద్దంలో చూసుకుంది. "ఇదంతా మా రేడియోలో చెప్తావా? గంట ఇస్తాం" అంది.

ఒక్కదాన్నే చెప్పలేను వదినా. నువ్వు రావాలి. మన వంటింట్లో కొట్టుకున్నట్టే మైకు ముందు కొట్టుకుందాం. నేను కుక్కబొమ్మ వైపు, నువ్వు పసుపు అట్ట వైపు. రైల్లో ఒక పూట ప్రయాణం, అంతే కదా. వస్తావా?

నీ పిచ్చుక

*

గాజు దుకాణం పై గది,
మార్చి మొదట్లో

పిచ్చుకా,

వదినా అనే పిలువు. మీ అన్నయ్యతో నాకున్నది సంతకంతో మొదలైంది, సంతకంతో పోయింది. నీతో నేనెప్పుడూ ఏ సంతకమూ పెట్టలేదు, ఇప్పుడు తెంచుకోవడానికి.

నీ చేతిరాత గురించి ఏమీ అనను. కోడిగీతలంటే కోడి కూడా నొచ్చుకుంటుంది.

రేడియోలో గంట ఇస్తామన్నారంటే ఆ రోజు గదిలో ఒక్కదాన్నే అటూ ఇటూ తిరిగాను, అంత సంతోషమేసింది. కానీ కుక్కబొమ్మ మరుగున పడిన రికార్డు అంటావేమిటి? దాని కోసం గొంతు చించుకునేవాళ్ళు నీలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. అట్ట మీద పళ్ళు బయటపెట్టిన కుక్క, లోపల అరిచే అమ్మాయి, స్టవ్ మీద పాలు పొంగేలోపు అయిపోయే పాటలు. బాగుంటుంది, కాదనను. కానీ వేగంగా వాయించడం ఏమంత కష్టం? కోపమొచ్చినవాడు ఎవడైనా పరిగెత్తుతాడు. కోపమొచ్చి కూడా కూర్చున్న చోటు నుంచి లేవలేనివాళ్ళు ఉంటారు చూడు, పొద్దున్నే మళ్ళీ అదే ఫ్యాక్టరీకి వెళ్ళాల్సినవాళ్ళు, వాళ్ళ రికార్డు పసుపు అట్ట. దాని మీద మనుషుల బొమ్మ లేదు, ఏ హంగూ లేదు. దుకాణాల్లో దాన్ని ఎవరూ చేతిలోకి కూడా తీసుకుని ఉండరు. మరుగున పడటమంటే అదీ.

ఇక్కడ నన్ను గాజు కోసే బల్ల దగ్గర్నుంచి ప్యాకింగ్‌కి మార్చారు. అద్దానికీ అద్దానికీ మధ్య కాగితం పెట్టి చెక్కపెట్టెల్లో నిలబెట్టడం. నేనే అడిగాను, నడుముకి మంచిదని. మా యజమానురాలు, నేను పెద్దావిడ అంటానే, ఆవిడ మనిషి మంచిదే. నవ్వితే మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు వెంటనే సర్దుకుంటుంది.

రావడం సంగతి తర్వాత చూద్దాం. ఫ్రిజ్ మీద పెట్టిన ప్లేయర్ ఇంకా అక్కడే ఉందా? ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడల్లా సూది ఎగిరి పక్క పాటలో పడేది. ఆ ఎగిరిన చోట్లతో సహా పాటలు నాకు కంఠతా ఉన్నాయి.

వదిన

*

వంటింటి బల్ల దగ్గర,
మార్చి

వదినా,

ప్లేయర్ అక్కడే ఉంది. ఫ్రిజ్ మారింది, కొత్తది అస్సలు చప్పుడు చెయ్యదు. సూది ఎగరదు. మొదటిసారి పాట మధ్యలో తెగకుండా చివరిదాకా వచ్చేసరికి నాకు అదేదో వేరే పాటలా అనిపించింది.

రికార్డులు పంచుకున్నప్పుడు పసుపు అట్టని నాకెందుకు వదిలేశావో ఇప్పటికీ అర్థం కాదు. ప్లేయర్ లేదన్నావు. కొనుక్కోలేవా? సరే, దాని రెండో వైపు మొత్తం క్యాసెట్టులో ఎక్కించి పంపుతున్నాను. విను. విని, రేడియోలో ఏ పాట గురించి ఏం మాట్లాడతావో రాయి. నేను ఎదురు వాదన తయారు చేసుకోవాలి కదా.

ఆ నెమ్మది పాట, చివర్లో వచ్చేది, నాకు ఇప్పటికీ నచ్చదు. ఎంతకీ అవ్వదు. పంక్ అని చెప్పి తీసుకొచ్చి జోల పాడినట్టుంటుంది. రేడియోలో ఈ మాట అంటాను, నువ్వు అక్కడ నా జుట్టు పట్టుకోవాలి. అంటే, నువ్వు అక్కడ ఉండాలి.

రేడియో ఆవిడ మళ్ళీ వచ్చింది, జుట్టు రెండో వైపు సరి చేయించుకోవడానికి. "మీ వదినగారు ఎప్పుడొస్తారు?" అని అడిగింది. త్వరలోనే అన్నాను. నా పరువు నీ చేతుల్లో ఉంది.

పిచ్చుక

*

గాజు దుకాణం పై గది,
ఏప్రిల్

పిచ్చుకా,

క్యాసెట్టు అందింది. నిన్న సెలవు. కిటికీ వేసి, తలుపు వేసి, మొత్తం విన్నాను.

మొదటి పాటలో డ్రమ్స్ వాయించేవాడు అందరికంటే ముందే మొదలుపెట్టేస్తాడు, పిలవకముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా. మిగతావాళ్ళు కంగారుగా వచ్చి కలుస్తారు. ఇంకెవరైనా అయితే ఆపి మళ్ళీ మొదలుపెట్టేవారు. వీళ్ళు ఆపలేదు. రెండో పాటలో ఆ అబ్బాయి గొంతు చూడు, ఎవరినో తిడుతున్నాడు కానీ తిట్టడానికి కూడా ఓపిక లేదు. పని నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే పాడుతున్నట్టుంటుంది.

ఇక నీకు నచ్చని నెమ్మది పాట. మధ్యలో గిటార్ తీగ ఒకటి తెగుతుంది, గుర్తుందా? టప్‌మని. అక్కడి నుంచి ఆ స్వరం వచ్చిన ప్రతిచోటా ఒక ఖాళీ. వాడు ఆ ఖాళీని దాచడు, దాటెయ్యడు, అక్కడికి వచ్చినప్పుడల్లా ఆ తీగ ఉన్నట్టే చెయ్యి ఆడిస్తాడు. నువ్వు దాన్ని జోల అంటావు. పోయిన దాని చోటు ఉంచి వాయించడం అంటాను నేను. మెల్లగా బేస్ గిటార్ వచ్చి ఆ చోటు పక్కన నిలబడుతుంది, అందులోకి మాత్రం రాదు. చివర్లో అందరూ ఆపేశాక ఎవరో కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు. అంతే.

నీ రికార్డింగ్ చాలా శుభ్రంగా వచ్చింది, ఎక్కడా గరగర కూడా లేదు.

రావడం కుదరదు పిచ్చుకా. కొత్త భవనం ఒకదానికి కిటికీలన్నీ మా దుకాణమే చేస్తోంది. నువ్వొక్కదానివే బాగా చెప్తావు.

వదిన

*

దుకాణంలో, జనం లేని వేళ,
మే

వదిన గారికి,

రేడియోవాళ్ళకి ఇవ్వడానికి నిన్న ఇంకో క్యాసెట్టు ఎక్కించబోయాను. తిరిగి వింటే ఏమీ రాలేదు. మరమ్మతు అతను టేపు డెక్కు విప్పి చూశాడు. లోపల వైరు ఊడిపోయి ఉంది, చలికాలం నుంచీ ఇది దేన్నీ ఎక్కించి ఉండదు అన్నాడు. ఈమధ్య ఎక్కించిన క్యాసెట్లన్నీ పెట్టి చూశాను. అన్నీ ఖాళీ.

నీకు పంపింది ఖాళీ క్యాసెట్టు వదినా. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అందులో ఏమీ లేదు. గరగర కూడా లేదని రాశావు. ఎలా ఉంటుంది?

వినడానికి తీరిక లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నేను ఆ ఉత్తరం దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. మా వదిన చెవి చూడండి, ఏదీ వదలదు అని.

నాకు తెలుసులే ఎందుకు రావో. అన్నయ్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. నీకు చెప్పకూడదని ఇన్నాళ్ళూ దాచాను, ఎవరో చెప్పే ఉంటారు. మా ఇంటి గడప తొక్కడం నీకు ఇష్టం లేదు, ఆ మాట నాతో అనలేక కిటికీలూ భవనాలూ అంటున్నావు. మర్యాద కోసం ఉత్తరాలు రాయక్కర్లేదు. ప్రోగ్రాం జూన్‌లో. నేనొక్కదాన్నే చేసుకుంటాను.

—

*

గాజు దుకాణం పై గది,
మే

పిచ్చుకా,

క్యాసెట్టు ఖాళీదా? నిజంగా ఖాళీదా?

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మెట్టు మీదే కూలబడ్డాను. పెద్దావిడ వచ్చి ఏమైందని భుజం పట్టుకుంటే, మా ఆడపడుచు ఖాళీ క్యాసెట్టు పంపిందండీ అన్నాను. నాకు మతి పోయిందనుకుని ఉంటుంది.

నా చెవులు పోతున్నాయి. లోపల చిన్న ఎముక గట్టిపడిపోతోందట. మా అమ్మకీ ఇంతే. మీ ఇంట్లో ఉన్నప్పుడే మొదలైంది, ప్లేయర్ శబ్దం ఎప్పుడూ నేనే పెంచేదాన్ని, గుర్తుందా? మీరందరూ నాకు గోల ఇష్టమనుకునేవారు. ఇక్కడికి వచ్చాక తొందరగా పెరిగింది. గాజు కోసేటప్పుడు చక్రం సరిగ్గా నడిస్తే సన్నగా ఒక చప్పుడొస్తుంది, పట్టుబట్ట చింపినట్టు. అది వింటూ చెయ్యి నొక్కాలి. నాకు ఆ చప్పుడు పోయింది. వరసగా అద్దాలు వంకరగా విరిగాయి. పెద్దావిడ తిట్టకుండా ప్యాకింగ్‌కి మార్చింది. నడుము సంగతి నేను కల్పించాను.

చెవి మిషను పెట్టి చూశారు. గాజు చప్పుడంతా మేకుల్లా గుచ్చుకుంది, మాట మాత్రం విడిపడలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. ఫోనుకి పెదవులుండవు కదా.

నీ క్యాసెట్టు వచ్చిన రోజు టేప్ రికార్డర్‌లో పెట్టి మీట నొక్కాను. ఏమీ లేదు. పెంచాను. ఏమీ లేదు. అప్పటిదాకా గొంతులు పోయినా డ్రమ్స్ అందేవి. అవి కూడా పోయాయనుకున్నాను. చక్రాలు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను, అయిపోయేదాకా. ఎక్కడ ఏముందో నాకు తెలుసు. ఏ చోట తీగ తెగుతుందో తెలుసు. అన్నీ లోపలే వాయించుకున్నాను, అదే నీకు రాశాను. విన్నానని రాసేటప్పుడు అబద్ధమాడుతున్నట్టు నాకు తోచలేదు.

నీ ఉత్తరం చదివాక కిందకి పరుగెత్తి పెద్దావిడ రేడియో తెచ్చుకున్నాను. దానికి చెవి ఆనించి కూర్చున్నాను. డ్రమ్స్ ఉన్నాయి పిచ్చుకా. గోడ అవతల ఎవరో పరుపు దులుపుతున్నట్టు, కానీ ఉన్నాయి. ఊడిపోయిన నీ వైరు వల్ల నెలంతా ఏడ్చాను, ఆ వైరు వల్లే ఇవాళ అన్నం సహించింది.

మీ అన్నయ్య పెళ్ళి సంగతి అతనే రాశాడు. నాకేమీ అనిపించలేదంటే నువ్వు నమ్మవు. ఒక సాయంత్రం అనిపించింది. తర్వాత పోయింది. మీ గడపతో నాకే పేచీ లేదు. నేను భయపడింది మైకుకి. నువ్వు ఒకటి అడిగితే నేను ఇంకోదానికి జవాబిస్తాను, ఊరంతా వింటుంది.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, మీ ఇంటికీ నాకూ మధ్య మిగిలింది ఈ రికార్డుల గొడవ ఒక్కటే అనుకున్నాను. అది కూడా పోతే నువ్వు నాకు ఏం రాస్తావు?

వదిన

*

వంటింటి బల్ల దగ్గర,
మే చివర

వదినా,

ఏం రాస్తానని అడిగావు. ఇవాళ ఒకాయన వచ్చి బట్టతల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ చూపించి "కొంచెం పల్చగా చెయ్యండి" అన్నాడు. మా వీధిలో కుళాయి పని చేసే అతను గోడకి కన్నం వేసి, తప్పు గోడ అని తెలిసి, ఆ కన్నంలో నుంచే పక్కింటావిడకి క్షమాపణ చెప్పాడు. నేను కొత్త చెప్పులు కొని రెండూ ఎడమ కాలివే ఇంటికి తెచ్చుకున్నాను. చాలా? ఇలాంటివి రోజూ ఉంటాయి. పంక్ లేకపోతే నీకు రాయడానికి ఏమీ ఉండదనుకున్నావంటే, నేను ఎంత మాట్లాడతానో మర్చిపోయావు.

పోయిన ఉత్తరంలో అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. "వదిన గారికి" అని కూడా రాశాను. ఆ "గారు"ని ముందు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇది విను. కాదు, చదువు. నీ ఏప్రిల్ ఉత్తరం చేత్తో పట్టుకుని పసుపు అట్ట రెండో వైపు పెట్టాను. నువ్వు రాసిన వరస ప్రకారం వేలు పెట్టుకుంటూ విన్నాను. డ్రమ్స్ తొందర, ఓపిక లేని గొంతు, తీగ తెగిన చోటు, దాని పక్కన బేస్, అన్నీ నువ్వు చెప్పిన చోటే ఉన్నాయి. ఒక్కటి మాత్రం లేదు. చివర్లో కుర్చీ చప్పుడు. మళ్ళీ మళ్ళీ పెట్టాను. రికార్డులో ఆ చప్పుడు లేదు వదినా.

అది మన కుర్చీ. రికార్డు ఒక వైపు అయిపోగానే తిరగెయ్యడానికి నువ్వు లేచేదానివి.

ఆ కుర్చీ ఇంకా ఇక్కడే ఉంది. ఇవాళ దాన్ని ఊరికే ఒకసారి వెనక్కి జరిపి చూశాను.

రేడియోలో నువ్వు మాట్లాడొద్దు. ఆ ఉత్తరం నేను చదువుతాను, చదివాక ఆ నెమ్మది పాట వేస్తాను. ఒప్పుకోవా? రేడియో ఆవిడ మీ ఊరి దాకా అందుతుందని చెప్పింది. ప్రోగ్రాం అయిన ఆదివారం నేనే వస్తాను. గడప ఎవరిదైతే ఏం, ఎవరో ఒకరు తొక్కాలి కదా.

నీ పిచ్చుక

*

గాజు దుకాణం పై గది,
జూన్ మొదట్లో

పిచ్చుకా,

చదువు. ఉత్తరంలోంచి కుర్చీని మాత్రం తీసెయ్యకు. రికార్డులో లేకపోతే లేకపోయింది.

జోల అన్నందుకు రేడియోలోనే చెంపలేసుకోవాలి. కుక్కబొమ్మకి కూడా ఒక పాట ఇవ్వు, పాపం. రెండిస్తే ఊరుకోను.

ఆదివారం రా. చెప్పులు చూసుకుని వేసుకో.

వదిన

*

గాజు దుకాణం, కింద ప్యాకింగ్ బల్ల,
జూన్

పిచ్చుకా,

ఆదివారం నువ్వు వచ్చేస్తావు, నువ్వు బయల్దేరేలోపు ఈ ఉత్తరం నీకు చేరుతుందో లేదో తెలియదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు ఇదంతా చెప్పలేను, నీ పెదవులు చూడటంతోనే సరిపోతుంది.

నిన్న సాయంత్రం పని అయ్యాక నీ ప్రోగ్రాం కోసం రేడియో పైకి తీసుకెళ్ళబోతే పెద్దావిడ నా చేతిలోంచి తీసుకుంది. షట్టర్ సగం దించి, ప్యాకింగ్ బల్ల మీద పెట్టి, నాకు ఎదురుగా కూర్చుంది. "నువ్వొక్కదానివే వింటే ఏం వింటావు? నేను చెప్తాను" అంది. ఆవిడకి మన సంగీతమంటే పళ్ళు జివ్వుమంటాయి. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

నేను చెవి ఆనించలేదు. ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను.

"ఇంకా వార్తలు" అంది. "అయ్యాయి. ఇప్పుడు ఒకావిడ. ఇప్పుడు మీ ఆడపడుచు."

"ఏమంటోంది?"

"గబగబా మాట్లాడుతోంది. అమెరికా అంటోంది. స్కూలు హాలు అంటోంది. మా వదిన అంటోంది." కాసేపాగి, "మళ్ళీ మా వదిన అంటోంది."

కుక్కబొమ్మ వేసినప్పుడు చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. నాకు బల్ల అవతల నుంచి ఆ డ్రమ్స్ కొంచెం అందాయి. బాగుంది. కాదనను.

తర్వాత ఉత్తరం చదివావు. ఆవిడ నాకు మాట మాట అందించడానికి ప్రయత్నించింది, సగంలో ఆగిపోయింది. "ఇదంతా నువ్వు రాసిందేనా?" అంది. తలూపాను. అలాగే వింటూ ఉండిపోయింది. నేను తొందర పెట్టలేదు, నాకు తెలిసిందే కదా.

ఆ నెమ్మది పాట మొదలైందని ఆవిడ భుజాలు దిగడాన్ని బట్టి తెలుసుకున్నాను. అక్కడి నుంచి నేనే లోపల నడిపాను. ఒకచోట చెయ్యెత్తి, "ఇప్పుడు తీగ తెగుతుంది చూడండి" అన్నాను. ఆవిడ ఊపిరి బిగబట్టింది. కనుబొమలు పైకి లేచాయి.

"తెగింది" అంది.

పిచ్చుకా, సరిగ్గా అక్కడే. ఇన్ని నెలల్లో నేనూ ఇంకో మనిషీ ఒకే క్షణంలో ఒకే పాటలో ఉన్నది అదొక్కసారే. ఆ ఖాళీలు వచ్చినప్పుడల్లా ఆవిడ నా వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకి తెలిసిపోయింది. మొత్తం పాటంతా కదలకుండా విన్నది. ఎంతకీ అవ్వదని అనలేదు.

పాట అయ్యాక నువ్వు మళ్ళీ మాట్లాడావట. గొంతు ఆగి ఆగి వచ్చిందట. "ఏడుస్తోందా?" అని అడిగాను. ఆవిడ రేడియో దగ్గరికి వంగి వింది.

"లేదు. నవ్వింది."

"ఎలా నవ్వింది?"

ఆవిడకి అర్థం కాలేదు. "నవ్వింది, అంతే" అంది.

"ఎలా నవ్విందో చెప్పండి" అన్నాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి గట్టిగా అన్నానేమో, ఆవిడ ఉలిక్కిపడింది. రికార్డులు నాకు గుర్తున్నాయి, నేను ఎక్కడున్నా వాయించుకోగలను. నీ నవ్వు మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. దాన్ని కంఠతా పట్టాలని ఎప్పుడూ అనుకోలేదు.

పెద్దావిడ షట్టర్ వైపు చూసింది, వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని. లేచి దాన్ని పూర్తిగా దించి వచ్చింది. కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, మొహమంతా ఎర్రబడుతుంటే, పెదవులు బాగా విప్పి, భుజాలు కదిలిస్తూ, నీలా నవ్వి చూపించింది.

నువ్వు అలా నవ్వవు. అయినా మళ్ళీ ఒకసారి చెయ్యమన్నాను.

వదిన